హెన్రీల లెక్క

ఎలక్ట్రిక్ గిటార్ మీద అసంతృప్తి కలిగినవాళ్లు ముందుగా వేలెత్తి చూపేది బ్రిడ్జి పికప్‌నే. నెక్ పికప్ నిండుగా పలుకుతుంది. బ్రిడ్జి పక్కన ఉన్నది పల్చగా, చెవిలో గుచ్చుకునేలా ఉంటుంది. డిస్టార్షన్ పెడితే గీపెడుతుంది, తీసేస్తే బలం చాలదు. సరే మారుద్దామని చూస్తే ప్రతి పికప్ వివరాల్లోనూ నిరోధం విలువ ఒకటి, అయస్కాంతం పేరొకటి, నాలుగైదు విశేషణాలు కనిపిస్తాయి. 8 కిలో ఓమ్‌లంటే పాతకాలపు మెత్తదనమనీ, 16 కిలో ఓమ్‌లంటే పవర్ అనీ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పుడో ఒక అంగీకారానికి వచ్చేశారు. ఆ అంగీకారానికి భౌతికశాస్త్రంలో ఆధారం చాలా తక్కువ. పికప్ స్వభావాన్ని నిర్ణయించేది ప్రధానంగా దాని అనునాద శిఖరం ఏ పౌనఃపున్యం దగ్గర పడుతుందన్నది. ఆ చోటును తేల్చేవి కాయిల్ ప్రేరకత్వం, దానికి తగిలించిన కేబుల్. అయితే ఈ రెండింటికన్నా ముందు, తీగను ఏ చోట వింటున్నామన్న విషయమే సగం తీర్పు ఇచ్చేసి ఉంటుంది. ఈ వరుసలో ఆలోచిస్తే కొనవలసినదేదో తెలుస్తుంది. కొన్నిసార్లు కొనవలసిన పనే లేదని కూడా తెలుస్తుంది.

పికప్ పనిచేసే తీరు 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణే. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక మందంలో ఉండే రాగి వైరును వేల చుట్లు చుడతారు. పైన ఉన్న ఉక్కు తీగ ఆ అయస్కాంత క్షేత్రంలో ఉండటం వల్ల తానూ కొంత అయస్కాంతమవుతుంది. అది కంపించినప్పుడు కాయిల్ గుండా పోయే అయస్కాంత అభివాహం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, కాయిల్ చివరల మధ్య వోల్టేజి పుడుతుంది. 1930లలో లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బీచమ్ ఈ సూత్రాన్ని గిటార్‌కు పనికొచ్చేలా అమర్చాడు. రికెన్‌బ్యాకర్ పేరుతో వచ్చిన ఆ వాయిద్యానికి 1937లో పేటెంటు దక్కింది. తొంభై ఏళ్లు కావస్తున్నా మౌలికంగా మారిందేమీ లేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పికప్‌కు గాలిలోని శబ్దంతో పని లేదు, తన నెత్తి మీద ఉన్న చిన్న తీగ ముక్క కదలికే దానికి తెలుస్తుంది. ఆ ముక్క తీగ మొత్తంలో ఎక్కడ ఉందన్న ప్రశ్న అందుకే అంత పెద్దది.

లెక్క వేసి చూద్దాం. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వంటి గిటార్ మీద తీగ కంపించే పొడవు 648 మిల్లీమీటర్లు. మీటిన తీగ ఒకేసారి ఎన్నో విధాలుగా ఊగుతుంది. మొత్తం పొడవూ ఒకే విల్లులా వంగితే ప్రాథమిక స్వరం, రెండు భాగాలుగా ఊగితే రెండో అనుస్వరం, నాలుగుగా ఊగితే నాలుగోది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. నెక్ పికప్ సుమారుగా తీగ పొడవులో నాలుగో వంతు దూరాన, అంటే బ్రిడ్జికి 162 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ ప్రాథమిక స్వరం తన గరిష్ఠ కదలికలో 71 శాతం చూపిస్తుంది, రెండో అనుస్వరం పూర్తిగా 100 శాతం. నాలుగో అనుస్వరానికి ఆ చోటు కదలని బిందువు కాబట్టి అది అసలు వినిపించదు. బ్రిడ్జి పికప్ సుమారు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ ప్రాథమిక స్వరం వాటా 19 శాతమే. రెండోది 38, నాలుగోది 70, ఎనిమిదోది దాదాపు 100. ఒకే తీగ, ఒకే మీటు, ఒకే రకం పికప్ అయినా బ్రిడ్జి దగ్గర ప్రాథమిక స్వరం మూడున్నర రెట్లకు పైగా తక్కువగా, అంటే 11 డెసిబెల్‌ల తేడాతో అందుతుంది. పైనున్న అనుస్వరాలు మాత్రం నిండుగా అందుతాయి. మనం పల్చన అనేదీ, పదును అనేదీ ఈ నిష్పత్తినే.

ఇవి ఏమీ నొక్కకుండా మీటిన తీగకు వచ్చే అంకెలు. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే కంపించే పొడవు సగమవుతుంది, బ్రిడ్జి పికప్‌కు అందే ప్రాథమిక స్వరం 19 నుంచి 38 శాతానికి పెరుగుతుంది. బ్రిడ్జి పికప్ మీద పై ఫ్రెట్లలో వాయించే సోలోలు నిండుగానూ, కింది ఫ్రెట్ల కార్డులు గరగరగానూ వినిపించడానికి ఇదే మూలం. వాయిద్యం పొట్టిదైతే లెక్క ఇంకా మారుతుంది. పాలకొల్లులో పుట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా పలికించిన యు. శ్రీనివాస్ చేతిలోని వాయిద్యం సంగతే తీసుకోండి. మాండలిన్ తీగ పొడవు సాధారణంగా 350 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంత పొట్టి తీగ మీద బ్రిడ్జికి అదే 40 మిల్లీమీటర్ల దూరంలో పికప్ పెడితే ప్రాథమిక స్వరం వాటా 35 శాతం. గిటార్ మీద వచ్చేదానికి ఇది దాదాపు రెట్టింపు. పికప్‌ను ముట్టుకోలేదు, చోటూ మార్చలేదు, తీగ పొడవు మారినందుకే స్వరం నిండిపోయింది.

1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడే దాని బ్రిడ్జి పికప్‌ను ఏటవాలుగా బిగించారు. సన్న తీగల వైపు బ్రిడ్జికి దగ్గరగా, లావు తీగల వైపు దూరంగా. అంటే లావు తీగలకు కొంచెం నిండుదనం, సన్న తీగలకు కొంచెం మెరుపు. కుడిచేతి గిటార్‌ను తిరగేసి ఎడమచేత్తో వాయించిన జిమీ హెండ్రిక్స్ చేతిలో ఈ ఏటవాలు కూడా తిరగబడింది. లావు తీగలు బిగువుగా, సన్న తీగలు కాస్త మెత్తగా పలికాయి. ఇదంతా జ్యామితి. కొత్త పికప్‌లో ఎంత ఖరీదైన అయస్కాంతం ఉన్నా, అదే రంధ్రంలో, అదే దూరంలో బిగించినంత కాలం ఈ నిష్పత్తులు అలాగే ఉంటాయి. బ్రిడ్జి పికప్‌ను మార్చి నెక్ పికప్ లాంటి నిండుదనం రాబట్టాలని చూసేవాళ్లకు నిరాశ తప్పదు. పికప్ మార్చడంతో మన చేతిలోకి వచ్చేవి వేరు: మొత్తం మీద ఎంత గట్టిగా పలకాలి, పై పౌనఃపున్యాల్లో ఏ భాగాన్ని ఎత్తి ఏ భాగాన్ని కోయాలి. ఈ రెండో దాంట్లోనే అసలు విషయమంతా ఉంది.

కాయిల్‌ను చుట్టిన వైరు అనుకుంటే సరిపోదు. అది ఒక ప్రేరకం. దాని చుట్ల మధ్య కొంత కెపాసిటెన్స్ కూడా ఉంటుంది. గిటార్ నుంచి ఆంప్‌కు పోయే కేబుల్ మరో కెపాసిటర్, మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు. ప్రేరకం, కెపాసిటర్ కలిసిన ప్రతి వలయానికీ తనకు ఇష్టమైన పౌనఃపున్యం ఒకటి ఉంటుంది, దాన్నే అనునాద పౌనఃపున్యం అంటాం. ఆ చోట సంకేతం ఒక కొండలా లేస్తుంది. దాన్ని దాటాక, పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ 12 డెసిబెల్‌ల చొప్పున నిట్టనిలువుగా పడిపోతుంది. మామూలు స్ట్రాటోకాస్టర్ పికప్ ప్రేరకత్వం దాదాపు 2.4 హెన్రీలు. ఐదు మీటర్ల కేబుల్, కాయిల్ సొంత కెపాసిటెన్స్ కలిపి 600 పికోఫారడ్‌లు అనుకుంటే శిఖరం 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అదే కేబుల్‌తో 4.4 హెన్రీల పాత తరహా హంబకర్‌కు (రెండు కాయిళ్ల పికప్) 3,100. బాగా ఎక్కువ చుట్లు చుట్టిన 8 హెన్రీల హంబకర్‌కు 2,300. మనిషి చెవి అతి సున్నితంగా ఉండేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ 5,000 దాటాక నీరసించిపోతుంది. అంటే పికప్‌ల మధ్య మనం వినే తేడా చాలావరకు, చెవి అత్యంత పదునుగా వినే ఇరుకు మేరలో ఒక శిఖరం ఎడమకో కుడికో జరగడమే. 4,200 దగ్గర ఉంటే గాజు లాంటి మెరుపు. 3,100 దగ్గరికి దిగితే గొంతు చిక్కబడుతుంది. 2,300కు వస్తే మధ్య స్వరాలు ముందుకు తోసుకొచ్చి పైన మూతవేసినట్టవుతుంది.

నిరోధం ఇవేవీ చెప్పదు. చేదతాడు పొడవు చూసి బావిలో నీళ్లెన్నో చెప్పడం ఎంత సబబో, కిలో ఓమ్‌లు చూసి పికప్ బలం చెప్పడం అంతే సబబు. డీసీ నిరోధం అంటే వైరు పొడవు, మందం కలిసిన ఒక కొలత మాత్రమే. పికప్‌లలో ఎక్కువగా వాడే 42 గేజ్ వైరు మందం 0.063 మిల్లీమీటర్లు, 44 గేజ్ వైరు మందం 0.051. రెండో దాని అడ్డుకోత వైశాల్యం తక్కువ కాబట్టి, అంతే పొడవుకు నిరోధం సుమారు 56 శాతం ఎక్కువ. 42 గేజ్‌తో 8 కిలో ఓమ్‌లు చూపే కాయిల్‌ను అన్నే చుట్లతో, అంతే పొడవున 44 గేజ్‌తో చుడితే మీటరు పన్నెండున్నర చూపిస్తుంది. చుట్లు పెరగలేదు కనుక ఉత్పత్తయ్యే వోల్టేజి మారదు. ప్రేరకత్వం చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టీ, మధ్యలో ఉన్న లోహాన్ని బట్టీ నడుస్తుంది కనుక అదీ పెద్దగా మారదు. కానీ పెట్టె మీద అంకె యాభై శాతానికి పైగా పెరిగిపోయింది. ఇంకో రుజువు కావాలంటే వాతావరణాన్ని అడగవచ్చు. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలో 8 కిలో ఓమ్‌లు చూపిన పికప్, విజయవాడలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో 8.6 చూపిస్తుంది. ఎండలో పవర్ పెరిగిందని ఎవరూ అనరు.

ఈ అంకెకు ఇంత గౌరవం ఎలా వచ్చిందంటే దానికో చరిత్ర ఉంది. 1950ల మధ్యలో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురు అయస్కాంత ధ్రువాలతో, ఎదురు దిశలో కలిపి, కరెంటు లైన్ల నుంచి వచ్చే గుయ్‌మనే రొదను రద్దు చేసే హంబకర్‌ను రూపొందించాడు. 1957లో అది గిటార్లలోకి వచ్చింది. పేటెంటు దరఖాస్తు చేశామని చెప్పే చీటీ అంటించిన ఆ తొలి పికప్‌లలో ఒక్కో కాయిల్‌కు సుమారు 5,000 చుట్లు, 42 గేజ్ వైరు. చుట్లు లెక్కపెట్టడంలో అప్పటి యంత్రాలకు ఖచ్చితత్వం లేకపోవడంతో 7 నుంచి 9 కిలో ఓమ్‌ల దాకా తేడాలుండేవి. ఒకే వైరు, ఒకే ఆకారం, ఒకే కర్మాగారం ఉన్నప్పుడు నిరోధం చుట్ల సంఖ్యకు పనికొచ్చే సూచికే. ఆ పరిమిత సందర్భంలో నిజమైన సూచిక, వేరు వేరు వైర్లు, వేరు వేరు లోహాలు వాడే పదుల కొద్దీ తయారీదారుల సరుకును పోల్చడానికి దిగేసరికి అర్థం కోల్పోయింది. కొలవడం సులువు కావడం కూడా దానికి కలిసొచ్చింది. ఓమ్‌లకు చవక మల్టీమీటరు చాలు. హెన్రీలు కొలవాలంటే ఎల్‌సీఆర్ మీటరు కావాలి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. బలమైన పికప్ వేస్తే ఆంప్ తొందరగా డిస్టార్ట్ అవుతుంది, తీగ స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, ఇది ఎవరైనా వినగలిగిన నిజం కదా, మరి పవర్ అన్నది భ్రమ ఎలా అవుతుంది? భ్రమ కాదు. 1972లో ల్యారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ అనే పికప్‌ను, సెరామిక్ అయస్కాంతంతో, ఎక్కువ చుట్లతో తెచ్చినప్పుడు దానికి బలమైన కారణమే ఉంది. అప్పటి చాలా ఆంప్‌లలో గెయిన్ కోసం విడిగా నాబ్ ఉండేది కాదు. వాల్వులను డిస్టార్షన్‌లోకి నెట్టాలంటే వాల్యూమ్‌ను చెవులు చిల్లులు పడేదాకా పెంచాలి, లేదంటే గిటార్ నుంచే ఎక్కువ వోల్టేజి పంపాలి. పికప్ ఆ పని చేసింది. అయితే 1975లో మార్షల్ సంస్థ, బిగ్గరతనాన్ని విడిగా అదుపుచేసే మాస్టర్ వాల్యూమ్ నాబ్ ఉన్న ఆంప్‌ను తెచ్చింది. ఆ దశకంలోనే ఒక గెయిన్ దశ తర్వాత మరో గెయిన్ దశ పెట్టిన ఆంప్‌లూ, ఓవర్‌డ్రైవ్ పెడళ్లూ వచ్చాయి. గెయిన్ కావాలంటే ఈరోజు నాబ్ తిప్పితే వస్తుంది. పికప్‌లో చుట్లు పెంచి గెయిన్ తెచ్చుకుంటే మాత్రం దానితోపాటు ప్రేరకత్వం పెరిగి శిఖరం కిందికి దిగుతుంది. శిఖరం పైన కోసేసిన పౌనఃపున్యాలను ఆంప్ మీది ట్రెబుల్ నాబ్ పూర్తిగా తిరిగి తేలేదు, ఎందుకంటే అక్కడ పెంచడానికి సంకేతం కన్నా రొదే ఎక్కువ మిగులుతుంది. చిక్కటి గొంతు కావాలని కోరి తీసుకుంటే అది మంచి ఎంపికే. ఉత్త బలం కోసం తీసుకుంటే మాత్రం, నాబ్ తిప్పితే వచ్చేదానికి మెరుపును మూల్యంగా చెల్లించినట్టు.

1978లో వచ్చిన వాన్ హేలెన్ బృందం తొలి ఆల్బమ్ దీనికి చెవులతో వినగల సాక్ష్యం. భారీ డిస్టార్షన్ అంటే ఇదీ అని ఒక తరం మొత్తం తీర్మానించుకున్న ఆ ధ్వని వెనక, స్ట్రాటోకాస్టర్ ఆకారపు గిటార్‌లో బ్రిడ్జి దగ్గర బిగించిన ఒకే ఒక్క హంబకర్ ఉంది. ఎడ్డీ వాన్ హేలెన్ దాన్ని గిబ్సన్ ఈఎస్-335 నుంచి తీసి పెట్టుకున్నాడు. సూపర్ డిస్టార్షన్ తరహా అతిబలమైన పికప్ కాదది, పాతకాలపు మామూలు హంబకర్. మిగతా పనంతా గరిష్ఠంగా పెంచిన మార్షల్ ఆంప్‌దీ, ఆయన చేతులదీ. అంత డిస్టార్షన్‌లోనూ ఒక్కో తీగ విడివిడిగా వినిపించడానికి, శిఖరం మరీ కిందికి దిగని ఆ పికప్ కూడా ఒక కారణమని నా నమ్మకం. ఆయన దాన్ని కొంచెం ఏటవాలుగా బిగించడమూ గమనించదగ్గదే. గిబ్సన్ పికప్‌లోని ధ్రువాల వరుస, ఫెండర్ బ్రిడ్జి మీది తీగల వరుస కన్నా ఇరుకు. తిప్పి పెడితే ధ్రువాలు తీగల కిందికి వచ్చాయి.

రెండో అభ్యంతరం అయస్కాంతం గురించి. ఆల్నికో 2 తీయగా, ఆల్నికో 5 బిగువుగా, సెరామిక్ కరకుగా ఉంటుందని ఎంతోమంది అనుభవజ్ఞులు చెబుతారు, వాళ్లందరి చెవులూ తప్పేనా? వాళ్లు వినే తేడా నిజమే కావచ్చు. అది ఎక్కడినుంచి వస్తుందన్నదే ప్రశ్న. అయస్కాంతానికి తనదంటూ స్వరం లేదు. అది మూడు మార్గాల్లో ప్రభావం చూపుతుంది. బలం ఎక్కువైతే తీగ ఎక్కువ అయస్కాంతమై వోల్టేజి పెరుగుతుంది. ఆల్నికో లోహం కనుక కాయిల్ మధ్యలో కడ్డీలుగా ఉన్నప్పుడు ప్రేరకత్వాన్ని కొంత పెంచుతుంది, పైగా దానిలో సుడుల్లా తిరిగే ఎడ్డీ కరెంట్లు పుట్టి శిఖరాన్ని కొంత అణుస్తాయి. సెరామిక్ విద్యుత్తును ప్రవహించనివ్వదు, కాబట్టి ఆ నష్టం దానిలో ఉండదు. మూడోది, బలమైన అయస్కాంతాన్ని తీగకు మరీ దగ్గరగా పెడితే తీగనే లాగి, శ్రుతి కలవని వింత స్వరాలు పుట్టిస్తుంది. తీగ విస్తారంగా ఊగే నెక్ దగ్గర ఈ బాధ ఎక్కువ, బ్రిడ్జి దగ్గర తక్కువ. చూడండి, మొదటిది బలం, రెండోది శిఖరం. రెండూ కొలవగలిగినవే. ఇత్తడి మూత వేసిన హంబకర్ మందంగా పలకడానికీ, నికెల్ సిల్వర్ మూత వేసినది తేటగా పలకడానికీ కారణం కూడా ఎడ్డీ కరెంట్లే. 1950లో బ్రాడ్‌కాస్టర్‌గా మొదలై మరుసటి ఏడాది టెలికాస్టర్ అయిన గిటార్‌లో బ్రిడ్జి పికప్ అడుగున రాగి పూత పూసిన ఉక్కు పలక ఉంటుంది, చుట్టూ ఉక్కు బ్రిడ్జి ఉంటుంది. ఆ లోహాలే పికప్ స్వభావంలో భాగమైపోయాయి. టెలికాస్టర్‌కు పికప్ కొనేటప్పుడు అడుగు పలక ఉందో లేదో అడగకుండా అయస్కాంతం పేరు ఒక్కటే అడగడం సగం ప్రశ్నే.

మూడో అభ్యంతరం సూటిగా ఉంటుంది. పికప్ మార్చినవాళ్లు, మార్చగానే గిటార్ ప్రాణం పోసుకుందని చెబుతారు. ఇన్ని లెక్కలు అవసరమా? ఆ క్షణంలో ఏం జరుగుతోందో చూడాలి. పికప్ మార్చాలంటే తీగలు విప్పాలి. విప్పినవాళ్లు తిరిగి కొత్త తీగలే వేస్తారు. కొత్త తీగల్లో పై అనుస్వరాలు పాతవాటికన్నా చాలా ఎక్కువ. పికప్ ఎత్తు కూడా మారిపోయి ఉంటుంది. తీగకూ పికప్‌కూ మధ్య ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా బలం స్పష్టంగా మారుతుంది. కొత్తది కొంచెం గట్టిగా పలికితే చాలు, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ చెవికి కింది, పై పౌనఃపున్యాలు మరింత బాగా అందుతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. పాత పికప్‌ను చివరిసారి విన్నప్పటికీ కొత్తదాన్ని మొదటిసారి విన్నప్పటికీ మధ్య ఒక పూట గడిచి ఉంటుంది. మనసు స్వరాన్ని అంతసేపు పట్టి ఉంచుకోలేదు. తేడా లేదని నేను అనడం లేదు. వినిపించిన తేడాలో పికప్ వాటా ఎంతో తేల్చుకోవాలంటే ఒకే వయసు తీగలు, ఒకే ఎత్తు, ఒకే బిగ్గరతనం కావాలంటున్నాను.

అందుకే డబ్బు ఖర్చుపెట్టే ముందు చేయదగిన పరీక్షలున్నాయి. మొదటిది ఎత్తు. స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు. బ్రిడ్జి పికప్‌ను తీగలకు రెండు మిల్లీమీటర్ల దాకా పైకి తెచ్చి, నెక్ పికప్‌ను కిందికి దించితే, జ్యామితి తెచ్చిన 11 డెసిబెల్‌ల లోటులో కొంతైనా పూడుతుంది. రెండోది వైరింగ్. తొలినాటి స్ట్రాటోకాస్టర్ వైరింగులో రెండు టోన్ నాబ్‌లూ నెక్, మధ్య పికప్‌లకే పోయాయి, అన్నిటికన్నా పదునైన బ్రిడ్జి పికప్‌కు ఏ టోన్ నాబూ దక్కలేదు. ఆ పద్ధతి ఇప్పటికీ చాలా గిటార్లలో ఉంది. స్విచ్ మీద ఒక చిన్న వైరు ముక్కను టంకం చేసి టోన్ నాబ్‌ను దానికీ కలిపితే, నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నా 250 కిలో ఓమ్‌ల అదనపు భారం పడి, ఆదర్శ లెక్క ప్రకారం శిఖరం సుమారు 5 డెసిబెల్‌లు కుంగుతుంది. చెవిలో గుచ్చుకోవడం అన్న ఫిర్యాదు ఎన్నోసార్లు ఇక్కడితోనే తీరుతుంది.

మూడో పరీక్ష నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అది సిద్ధాంతాన్ని నేరుగా చెవికి వినిపిస్తుంది. అనునాద పౌనఃపున్యం ప్రేరకత్వం, కెపాసిటెన్స్‌ల లబ్ధం మీద ఆధారపడుతుంది. కాబట్టి ప్రేరకత్వం పెంచినా, కెపాసిటెన్స్ పెంచినా శిఖరం ఒకేలా కిందికి జరుగుతుంది. గిటార్ జాక్ రెండు కొసల మధ్య కొద్ది రూపాయలకు దొరికే 470 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి తగిలిస్తే, 2.4 హెన్రీల స్ట్రాటోకాస్టర్ పికప్ శిఖరం 4,200 నుంచి 3,140 హెర్ట్జ్‌కు దిగుతుంది. 4.4 హెన్రీల హంబకర్ శిఖరం ఉండేది దాదాపు అక్కడే. బలం మారదు, శిఖరం ఒక్కటే మారుతుంది. ఆ ధ్వని నచ్చితే ఎక్కువ ప్రేరకత్వం ఉన్న పికప్ వైపు వెళ్లవచ్చు, లేదా కెపాసిటర్‌నే ఉంచేసుకోవచ్చు. నచ్చకపోతే ఆ దిశలో డబ్బు పోయకుండా ఆగవచ్చు. వ్యతిరేక దిశలోనూ ఇలాంటి పరీక్ష ఉంది. కేబుల్ బదులు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే కేబుల్ కెపాసిటెన్స్ మాయమై శిఖరం పైకి లేస్తుంది. వైర్‌లెస్ కొన్నాక గిటార్ కరకుగా మారిందని బాధపడి పికప్ మార్చేవాళ్లకు నిజంగా కావలసింది పోయిన ఆ పికోఫారడ్‌లే. ఈఎంజీ తరహా యాక్టివ్ పికప్‌లలో కాయిల్ పక్కనే చిన్న ప్రీఆంప్, దానికో బ్యాటరీ ఉంటాయి కనుక కేబుల్ ప్రభావం వాటి మీద దాదాపు ఉండదు. శిఖరం ఎక్కడుండాలో తయారీదారే నిర్ణయించి పెడతాడు.

ఈ పరీక్షల తర్వాత కూడా కొత్తదే కావాలనిపిస్తే అడగవలసినవి తెలుస్తాయి. ప్రేరకత్వం ఎన్ని హెన్రీలు? తయారీదారు చెప్పకపోతే వైరు గేజ్, చుట్ల సంఖ్య అడిగి అంచనా వేయవచ్చు. మిగతా రెండు పికప్‌లు 2.4 హెన్రీల చుట్టూ ఉంటే బ్రిడ్జి దగ్గర 3 నుంచి 4 హెన్రీలున్న సింగిల్ కాయిల్ మంచి జోడీ అని నా అభిప్రాయం. మెరుపు మిగులుతుంది, పదును తగ్గుతుంది, చుట్లు ఎక్కువ కనుక బలమూ సరితూగుతుంది. 8 హెన్రీల హంబకర్ పెడితే, స్విచ్ తిప్పిన ప్రతిసారీ వేరే గిటార్ పట్టుకున్నట్టు అనిపిస్తుంది. అదే కావాలనుకునేవాళ్లకు అది తప్పేమీ కాదు, కానీ తెలిసి తీసుకోవాలి. మన దగ్గర 50 హెర్ట్జ్ కరెంటు, సరైన ఎర్తింగ్ లేని హాళ్లు, పక్కనే డిమ్మర్ దీపాలు ఉన్న వేదికల మీద వాయించేవాళ్లకు రొద తగ్గించడం ధ్వని స్వభావం కన్నా ముఖ్యం కావచ్చు. వాళ్లకు సింగిల్ కాయిల్ పరిమాణంలోనే రెండు కాయిళ్లున్న రకాలున్నాయి. హంబకర్ పెట్టేటప్పుడు వాల్యూమ్ నాబ్ కింద ఉన్న 250 కిలో ఓమ్‌ల పాట్ అలాగే ఉంచితే అది మందంగా వినిపిస్తుంది, 500 వేయడం మామూలు. ధ్రువాల వరుస కూడా చూసుకోవాలి. గిబ్సన్ వెడల్పు సుమారు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జికి చేసినవి 53 దాకా ఉంటాయి.

చివరికి ఓమ్‌ల మీటరుకూ దక్కవలసిన పని ఒకటుంది. ధ్వనిని చెప్పలేకపోయినా తెగిన వైరును అది తక్షణం పట్టిస్తుంది. బిగించే ముందు కొత్త పికప్‌కు మీటరు పెడితే అనంతం చూపించకూడదు. నాలుగు వైర్ల హంబకర్‌లో ఏ రెండు వైర్లు ఏ కాయిల్‌వో రంగుల పట్టిక లేకపోయినా తేల్చేది అదే, జతగా కలిసినవాటి మధ్యే విలువ కనిపిస్తుంది. పాత పికప్‌లతో కొత్తదాని ఫేజ్ కలుస్తుందో లేదో కూడా దానితోనే చూడవచ్చు. ముల్లున్న మీటరును పికప్ కొసలకు తగిలించి, స్క్రూడ్రైవర్‌ను ధ్రువాల మీద ఆనించి టక్కున తీస్తే ముల్లు ఒక వైపు కొట్టుకుంటుంది. పాత, కొత్త రెండింటికీ ఒకే వైపు కొట్టుకోవాలి. ఎదురెదురుగా కొట్టుకుంటే రెండూ కలిపి వాయించినప్పుడు కింది స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలాంటప్పుడు కొత్తదాని సంకేతం మోసే (హాట్) వైరు, ఎర్త్ వైరు తారుమారు చేయాలి. పైన లోహపు మూత ఉంటే మాత్రం, ఆ మూతకు పోయే ఎర్త్ కలుపును ముందు కాయిల్ నుంచి విడదీసి, దానికి విడిగా ఒక వైరు లాగాకే ఆ పని చేయాలి.